చీమల్ని పెంచడం ఎలా: ఒక్క రాణితో మొదలుపెట్టి

“చీమల్ని పెంచడమేమిటి, పిలవకపోయినా వస్తాయిగా” అని మా ఇంట్లో నవ్వారు. చక్కెర డబ్బాకు బారు కట్టే చీమల సంగతి వేరు. అవి ఎక్కడో ఉన్న పెద్ద పుట్టలోంచి మేతకొచ్చిన కూలీలు. వాటిని పట్టి సీసాలో వేస్తే ఒక్కొక్కటే రాలిపోతాయి, వాటి వెనక పుట్టేవి ఉండవు. పెంపకమంటే ఒక రాణిని తెచ్చుకుని ఆమె చేత సంసారం పెట్టించడం. ఆమె గుడ్లు పెట్టిన నాటి నుంచి ఇరవై ముప్ఫై కూలి చీమలు తయారయ్యేదాకా గడిచే కొన్ని నెలలే అసలు గండం. ఆ నెలలు ఎలా దాటాలో చెప్తాను.

ముందే ఒప్పుకుంటాను, నా మొదటి రెండు రాణులూ ఆకలితో పోలేదు. రోజుకు నాలుగుసార్లు రాణి ఉన్న గాజు గొట్టం చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి, “గుడ్డు పెట్టావా తల్లీ” అని చూశాను. అలా పోయాయి.

రాణిని వెతకడం

ఏటా కొన్ని రోజుల్లో, ఎక్కువగా వాన కురిసి వెలిశాక గాలి లేని ఉక్కపోతలో, పుట్టల్లోంచి రెక్కల చీమలు ఎగురుతాయి. మగవి, ఆడవి గాలిలోనో నేలమీదో జతకడతాయి. మగవి కొద్ది రోజుల్లో చనిపోతాయి. జతకట్టిన ఆడచీమ కిందికి దిగి తన రెక్కలు తానే విరిచేసుకుని, దాక్కోవడానికి చోటు వెతుకుతుంది. మీకు కావలసింది ఆమె.

రెక్కలున్న ప్రతిదీ చీమ కాదు. దీపం చుట్టూ మూగే ఉసిళ్ళు చెదల జాతి. తేడా పట్టడం తేలికే. ఉసిళ్ళకు నడుము ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే పొడవు, మీసాలు పూసల దండలా ఉంటాయి. చీమకు సన్నని నడుము, ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి, మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి.

నేల మీద రెక్కల్లేని పెద్ద చీమ కనిపిస్తే తల కాదు, ఛాతీ చూడండి. కొన్ని జాతుల్లో కూలి చీమలే పెద్ద తలలతో రాణిలా కనిపిస్తాయి, కానీ వాటి ఛాతీ సన్నగా ఉంటుంది. రాణికి రెక్కల కండరాలు ఉండేది అక్కడే కాబట్టి ఛాతీ గూనిలా ఎత్తుగా ఉంటుంది, రెక్కలు ఊడిన మచ్చలు రెండు వైపులా కనిపిస్తాయి. రెక్కలు ఊడినంత మాత్రాన జతకట్టినట్టు పూర్తి గ్యారంటీ లేదు. జతకట్టని ఆడచీమ కూడా ఒక్కోసారి రెక్కలు రాల్చేసి గుడ్లు పెడుతుంది. ఫలదీకరణ జరగని గుడ్లలోంచి మగచీమలే వస్తాయి కాబట్టి ఆ సంసారం సాగదు. అది తేలడానికి నెలలు పడుతుంది. అందుకే వీలైతే ఇద్దరు ముగ్గురు రాణుల్ని తెచ్చి విడివిడి గొట్టాల్లో పెట్టుకోండి.

పుట్ట తవ్వి రాణిని తీయొద్దు. రాణి దొరకడం అరుదు, దొరికేలోపు వేల చీమల కొంప కూలుతుంది. మరో దేశపు చీమల్ని తెప్పించుకోవడమూ వద్దు. అక్కడ వాటిని వేటాడేవి ఇక్కడ ఉండవు. తప్పించుకుంటే ఏమవుతుందో చూడాలంటే దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో చేరి అమెరికా దక్షిణ రాష్ట్రాలంతా పరుచుకున్న నిప్పుచీమ చాలు. చట్టం కూడా ఊరుకోదు. 2025లో కెన్యాలో దాదాపు 5,000 రాణి చీమలు దూది పెట్టిన గొట్టాల్లో దొరికాయి. ఇలాంటి రవాణా కేసుల్లోనే అక్కడి న్యాయస్థానం నలుగురికి తలా 10 లక్షల షిల్లింగుల జరిమానా వేసింది. మీరున్న చోట సహజంగా బతికే జాతే మీకు అనుకూలం. అక్కడి వేడికీ తేమకూ అది ముందే అలవాటుపడి ఉంటుంది.

మొదటిసారి అయితే కాంపొనోటస్ జాతి గండుచీమలో, మెస్సర్ జాతి గింజల చీమలో నయం. పెద్దవి, కంటికి ఆనతాయి, సందుల్లోంచి జారిపోవు. ఆకులు కోసి బూజు తోట పెంచే చీమలు, ఆకులు కుట్టి గూడు కట్టే చీమలు ఇప్పుడే వద్దు.

మొదటి ఇల్లు

అద్దాల పెట్టె, రంగుల ఇసుక, సొరంగాలు అన్నీ కొనేసి రాణి కోసం చూసేవాళ్లను చూశాను. ఒక్క రాణికి అంత మేడ అనర్థం. ఆమెకు కావలసింది నేలలో బొక్క లాంటి ఇరుకు, చీకటి, తేమ. ఈ మూడూ ఒక గాజు టెస్ట్ ట్యూబు ఇస్తుంది. 16 మిల్లీమీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల పొడవున్నది చాలా జాతులకు సరిపోతుంది. పెద్ద గండుచీమకైతే ఇంకాస్త వెడల్పుది తీసుకోండి.

1. గొట్టంలో మూడో వంతు దాకా మంచినీళ్లు పోయండి.

2. దూదిని గట్టి ఉండగా చుట్టి, పుల్లతో నీటి దాకా నెట్టండి. ఇటువైపు దూది తడవాలి, నీరు మాత్రం కారకూడదు. నీటికీ దూదికీ మధ్య గాలి మిగలకుండా చూసుకోండి. వేడికి ఆ గాలి వ్యాకోచించి నీటిని దూదిలోంచి ఇవతలికి నెట్టేస్తుంది, రాణి ఉన్న గది మునుగుతుంది.

3. గొట్టాన్ని ఒక రాత్రి అడ్డంగా పడుకోబెట్టి చూడండి. పొద్దున పొడి గదిలో నీటి చుక్క నిలిచి ఉంటే దూది మార్చి మళ్లీ చేయండి. ఇది దాటేయాలనిపిస్తుంది, దాటొద్దు.

4. చిటికెడు శుభ్రమైన ఇసుక చల్లండి. కొన్ని జాతుల లార్వాలు (గుడ్డులోంచి వచ్చే పురుగు లాంటి పిల్లలు) పట్టుగూడు అల్లేటప్పుడు పోగు తగిలించడానికి రేణువులు వెతుక్కుంటాయి. ఎక్కువ వేస్తే లోపల ఏముందో మీకు కనబడదు.

5. రాణిని వేళ్లతో పట్టుకోకుండా గొట్టం మూతిని ఆమె ముందు పెట్టి, వెనక నుంచి మెత్తని కుంచెతో తోలండి. చీకటి బొక్క కనిపిస్తే తనే దూరుతుంది.

6. మూతికి వదులుగా దూది పెట్టండి. గాలి దాంట్లోంచే ఆడుతుంది, వేరే రంధ్రాలు అక్కర్లేదు.

గొట్టానికి నల్ల కాగితం చుట్టి, దొర్లకుండా అటూ ఇటూ ఏదైనా ఆనించి, తలుపులు ధడాలున పడని, ఫ్రిజ్ మోటారు అదరని చోట పెట్టండి. చీమకు మన మాటలు వినబడకపోవచ్చు, కాళ్ల కింద నేల అదిరితే మాత్రం ఇట్టే తెలుస్తుంది. మనకు చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూడా వాషింగ్ మెషీన్ అదురు వాటికి భూకంపమే. వేడి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. ఎండ నేరుగా తగలనివ్వొద్దు. గాజు గొట్టం నిమిషాల్లో పెనమైపోతుంది.

ఇక చేతులు కట్టుకోండి

కాంపొనోటస్, లాసియస్, మెస్సర్ లాంటి జాతుల రాణి మొదటి పిల్లలు పుట్టేదాకా ఏమీ తినదు. మరి బతికేది, పిల్లల్ని మేపేది దేనితో? ఇక ఎగరక్కర్లేని ఆ రెక్కల కండరాలు లోలోపల కరిగి ఆహారమవుతాయి, పొట్టలోని కొవ్వు తోడవుతుంది. తన నోటి నుంచే లార్వాలకు పోస్తుంది. ఆమెకు చక్కెర పెట్టబోతే సాయం చేసినట్టు కాదు. గొట్టం అదురుతుంది, మేతకు బూజు పడుతుంది. పిల్లలు పుట్టకముందే బయటికెళ్లి ఆహారం వెతుక్కునే రాణులూ ఉన్నాయి. పొడవాటి దవడలు టప్పున మూసే ఒడోంటోమాకస్ లాంటి వాటికి మొదటి రోజు నుంచే మేత కావాలి. కాబట్టి మీ రాణి ఏ జాతిదో, కనీసం ఏ రకందో ముందే తెలుసుకోవాలి.

వారానికి ఒకసారి, ఒక నిమిషం చూడండి. అంతకు మించి వద్దు. బెదిరిన రాణి గుడ్లు తినేస్తుంది. క్రూరత్వమని మనకనిపిస్తుంది గానీ ఆమె లెక్క ఆమెది: ఇక్కడ పిల్లలు బతకరనుకుంటే ఆ పోషకాల్ని వెనక్కి తీసుకుని మరోసారి ప్రయత్నిస్తుంది. ఒకటి రెండు గుడ్లు మాయమైతే కంగారు పడకండి. కుప్ప మొత్తం పోతే మాత్రం గొట్టాన్ని ఇంకా నిశ్శబ్దమైన చోటికి మార్చి, రెండు వారాలు దాని జోలికి వెళ్లకండి.

చూడకుండా ఉండలేకపోతే ఎర్ర పారదర్శక కాగితం చుట్టండి. చీమలకు ఎరుపు సరిగా ఆనదు. 19వ శతాబ్దంలో జాన్ లబక్ అనే ఇంగ్లీషు ఆయన గాజు పలకల మధ్య చీమల్ని పెంచి, వాటి మీద రంగు వెలుగులు ప్రసరింపజేశాడు. ఊదా, అతినీలలోహిత వెలుగులు పడిన చోటు నుంచి పిల్లల్ని ఎత్తుకుని ఎరుపు కిందికి మోసుకెళ్లేవి, ఎరుపే చీకటి అన్నట్టు. నా మటుకు నేను నల్ల కాగితమే వాడతాను. ఎర్ర కాగితం పెడితే చూడటం ఇంకా ఎక్కువవుతుంది.

ఈలోగా లోపల జరిగేది ఇది. తెల్లని గుడ్ల కుప్ప కొన్నాళ్లకు మెడ వంచుకున్న పురుగుల్లాంటి లార్వాలుగా మారుతుంది. అవి పెరిగి ప్యూపాలవుతాయి. గండుచీమల్లో, లాసియస్‌లో ప్యూపా సాధారణంగా లేత గోధుమ రంగు పట్టుగూట్లో ఉంటుంది, దాని కొసన నల్ల చుక్క కనిపిస్తుంది. అది కుళ్లు కాదు, లార్వా చివరిసారి విసర్జించిన మలం. మెస్సర్, ఫైడోలే లాంటి వాటిలో గూడు ఉండదు. తెల్ల మైనం బొమ్మలా కాళ్లు ముడుచుకున్న చీమే కనిపిస్తుంది. గుడ్డు నుంచి కూలి చీమ దాకా చిన్న జాతులకు నెల పైచిలుకు, పెద్దవాటికి రెండు నెలలు కూడా పట్టొచ్చు. చల్లగా ఉంటే ఇంకా ఆలస్యం.

తొలి కూలీలు, తొలి మేత

మొదట పుట్టేవి పీలగా ఉంటాయి. రాణి తన ఒంట్లోది కరిగించి పెంచినవి కదా, అందినంతే ఎదిగాయి. పుట్టిన రోజున పాలిపోయి ఉంటాయి, రెండు మూడు రోజుల్లో ఒళ్లు గట్టిపడి రంగు తేలుతుంది. అప్పుడు మేత మొదలు.

మేత రెండు రకాలు, ఎందుకో తెలిస్తే ఎంత పెట్టాలో మీకే తెలుస్తుంది. ఎదిగిన చీమ నడుము ఎంత సన్నమంటే దాంట్లోంచి ద్రవం తప్ప ఏదీ దిగదు. గట్టి తునకల్ని నోటి దగ్గరే వడగట్టి ఉండ చేసి ఉమ్మేస్తుంది. తన తిరుగుడుకు కావలసిన శక్తి తీపి నీళ్ల నుంచి వస్తుంది. మాంసం ముక్క ముఖ్యంగా లార్వాల కోసం, గుడ్లు తయారుచేసే రాణి కోసం. ఒక చీమ తాగొస్తే అందరికీ అందుతుంది: దాని పొట్టలో తన వాటా వేరు, ఊరి వాటా వేరు. ఊరి వాటాను నోటితో నోటికి పంచుతుంది. అందుకని ప్రతి చీమా మేత దగ్గరికి రావాలని చూడకండి. ఒకటొచ్చినా చాలు.

తీపికి: ఒక వంతు చక్కెర, మూడు నాలుగు వంతుల నీళ్లు. చిన్న రేకు ముక్క మీద ఆవగింజంత చుక్క వేసి, మూతి దూది తీసి, లోపలికి రెండు వేళ్ల దూరం నెట్టి, మూసేయండి. అంతకంటే పెద్ద చుక్కలో ఈ పీల చీమలు మునిగి చస్తాయి. తేనె అలాగే పెడితే కాళ్లు అంటుకుపోతాయి, నీళ్లు కలపాల్సిందే. చక్కెరకు బదులు వాడే కృత్రిమ తీపి బిళ్లలు పనికిరావు, వాటిలో శక్తి ఉండదు.

మాంసానికి: పండ్ల ఈగ ఒకటి, లేదా కీచురాయి కాలు, మీల్‌వర్మ్ అనే పిండిపురుగులో చిన్న ముక్క. రాణి తలకంటే పెద్దది వద్దు. పురుగును ముందు ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత మరిగే నీటిలో ముంచి తీయండి. దాని ఒంటి మీది నల్లి (మంచంలో నల్లి కాదు, మైట్ అనే చిన్న పురుగు) చస్తుంది. మెత్తని లోపలి భాగం బయటపడేలా కోసి పెట్టాలి, గట్టి పెంకును ఈ పసివి చీల్చలేవు. ప్రాణంతో ఉన్న పురుగును వేస్తే మీకున్న నాలుగు కూలి చీమల్లో ఒకటి కాలు పోగొట్టుకోవచ్చు. నాలుగింట్లో ఒకటంటే పాతిక శాతం జనాభా. ఇంట్లో మందు కొట్టగా చచ్చిన బొద్దింకను “ఊరికే పోతుందెందుకు” అని పెట్టారో, తెల్లారేసరికి గొట్టం నిశ్శబ్దం.

పది చీమల లోపు ఉన్నంతకాలం మూడు నాలుగు రోజులకొకసారి చాలు. మిగిలింది మర్నాడే తీసేయండి. లార్వాలు ఎక్కువగా ఉంటే మాంసం పెంచండి, ప్యూపాలే ఉంటే తగ్గించండి, ప్యూపా తినదు. చీమలు బొజ్జలు ఉబ్బి, పొట్ట పొరల మధ్య చారలు తేలి కనిపిస్తే తీపి నిండుగా తాగాయన్నమాట. మేత పెట్టిన రోజునే పట్టకారుతో చెత్త కూడా తీయండి. అవి చచ్చిన చీమల్నీ ఖాళీ గూళ్లనీ మూతి దూది దగ్గరే పోగేస్తాయి, అంతా మనకు అందేటట్టే.

తిరగడానికి చోటు

పదిహేను ఇరవై చీమలయ్యాక ప్రతిసారీ దూది తీసి పెట్టడం కుదరదు, తీయగానే బయటికి ఉరుకుతాయి. అప్పుడు అరచేయంత ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, గొట్టాన్ని అందులోనే పడుకోబెట్టి, మూతి దూదిలో ఒక చీమ పట్టేంత స్ట్రా ముక్క గుచ్చండి. ఇక మేత డబ్బాలో, కాపురం గొట్టంలో.

డబ్బా గోడల పైభాగాన రెండు మూడు వేళ్ల వెడల్పు కంచె ఉండాలి. టాల్కం పౌడర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పలచగా కలిపి దూదితో పూసి ఆరనివ్వండి. పొడి మీద కాలు నిలవక జారిపోతాయి. కలిపేటప్పుడు మంట దగ్గర ఉండొద్దు, పొడి పీల్చొద్దు. గాలిలో తేమ ఎక్కువైతే ఈ కంచె పనిచేయదు. అలాంటప్పుడు పెట్రోలియం జెల్లీని పలచగా పూయండి. పైన మూత కూడా పెట్టండి, సన్నని జల్లెడ గుడ్డ అతికించిన కిటికీతో. కంచె మీద నమ్మకంతో మూత పెట్టని రోజున నా చీమలు పదకొండు పుస్తకాల అరలో దొరికాయి.

ఇల్లు మార్చడం

గొట్టంలో నీరు అయిపోతే, లేదా కాలు పెట్టే సందు లేకుండా చీమలు నిండితే మార్చాలి. దూది పసుపెక్కడం, దాని మీద కొంచెం బూజు కనిపించడం మార్చడానికి కారణాలు కావు. మార్చే పద్ధతి ఒకటే: నీళ్లు పోసిన కొత్త గొట్టాన్ని చీకట్లో ఉంచి, పాత గొట్టానికి కప్పిన కాగితం తీసేసి, రెండింటి మూతుల్ని ఎదురెదురుగా పెట్టండి. డబ్బా ఉంటే ఊరికే అందులో పక్కన పడేయండి. పోయినప్పుడు పోతాయి. ఒక రాత్రిలో పోవచ్చు, పది రోజులూ పట్టొచ్చు. గొట్టం దులిపి కుప్పగా పోయడం లోపల నీరు పొంగినప్పుడో, నల్లి పట్టినప్పుడో మాత్రమే.

ప్లాస్టర్ గూడో, అక్రిలిక్ గూడో కొనాలని చేయి దురద పెడుతుంది. యాభై దాటేదాకా ఆగండి. ఖాళీ గదులెక్కువైతే వాటిలో చెత్త, తినగా మిగిలిన పురుగు కాళ్లు దాచుకుంటాయి, మీ చేయి అక్కడికి చేరదు, బూజు చేరుతుంది. చీమలు ఇప్పుడున్న చోటుకు రెట్టింపు దాటని గూడు చాలు. వేడి తీగ వాడితే గూటికి ఒక కొసనే చుట్టండి. ఎక్కడ వెచ్చగా ఉందో చూసుకుని పిల్లల్ని అవే మోసుకుపోతాయి.

తేడా కనిపిస్తే

లార్వాలు వారాల తరబడి అంతే ఉంటే మాంసం చాలక, లేదా చలికి. చలి దేశాల జాతులైతే శీతాకాలంలో ఇలా ఆగడం మామూలే. వాటికి కొన్ని నెలలు 5 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో విశ్రాంతి కావాలి, నీళ్లు మాత్రం ఉండాలి. వేడి ప్రాంతాల జాతులకు అలా చేస్తే చస్తాయి.

రాణి ఒంటి మీద చుక్కల్లా కదలని పురుగులు అంటుకుని ఉంటే నల్లి. మేతను వేడినీటిలో ముంచకపోతే వచ్చే తంటా ఇది. అందర్నీ కొత్త గొట్టంలోకి మార్చి పాతది పారేయండి.

రాణి చనిపోతే ఇంకో రాణిని వేయొద్దు, చంపేస్తాయి. పీల కూలీలు కొన్నే ఉన్నాయని వేరే పుట్ట చీమల్ని కలపడమూ అంతే, వాసన తేడా పసిగట్టి కొట్టుకు చస్తాయి.

ఇంకొక సంగతి మొదట్లోనే ఆలోచించుకోవాలి. లాసియస్ నైగర్ జాతి రాణి ఒకటి పెంపకంలో 28 ఏళ్లకు పైగా బతికింది. అన్నీ అంత బతకవు గానీ, పదేళ్ల కాపురానికి మీరు సిద్ధంగా ఉండాలి. మధ్యలో కుదరకపోతే, రాణిని మీరే పట్టి ఉంటే, పట్టిన చోటికే తీసుకెళ్లి మెత్తని నేల ఉన్న నీడలో, చీమలు చురుగ్గా తిరిగే కాలంలో గొట్టం మూతి తీసి వదలండి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని రాణినైతే, పెంచేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకివ్వండి. ఎవరూ లేకపోతే గొట్టాన్ని అలాగే ఫ్రీజర్‌లో పెట్టండి, బయట మాత్రం వదలకండి.